పెంపుడు పిల్లి స్థూలకాయం, మలబద్ధకం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పెంపుడు పిల్లులలో అధికబరువు, మలబద్ధకం తరచుగా ఒకే దేహంలో కనిపిస్తాయి. పశువైద్య గ్రంథాలు వీటిని వేర్వేరు అధ్యాయాలలో వివరిస్తాయి. చరిత్ర దృష్టితో చూస్తే ఈ రెండింటి వెనుక ఒకే మార్పు కనిపిస్తుంది. తిండి, నీరు, తిరుగుడు, మలవిసర్జన స్థలం అనే నాలుగు విషయాలూ పిల్లి అధీనం నుంచి మనిషి అధీనంలోకి వచ్చాయి. భారతీయ కథాసాహిత్యంలో పిల్లి దేహాన్ని, మలాన్ని చదివిన తీరు, 19వ శతాబ్దపు లండన్‌లో పిల్లితిండి వ్యాపారం, 20వ శతాబ్దంలో పొడి ఆహారం, మట్టిపెట్టె, ఔషధాహారాల ఆవిర్భావం అనే అంశాల ఆధారంగా ఈ మార్పును వివరించడం, నేటి చికిత్సా సూత్రాలను ఆ నేపథ్యంలో అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: పిల్లి, స్థూలకాయం, మలబద్ధకం, ఉలూకదూత్యం, తెనాలి రామకృష్ణుని కథలు, ఉట్టి, పశువైద్య చరిత్ర, ఇసబ్గోల్.

1. ఉపోద్ఘాతం:

జంతువుల చరిత్ర ప్రధానంగా ఏనుగు, గుర్రం, ఆవు, ఎద్దు చుట్టూ సాగింది. యుద్ధానికీ సేద్యానికీ రవాణాకూ పనికివచ్చిన జంతువులకు శాసనాలలోనూ శాస్త్రగ్రంథాలలోనూ చోటు దక్కింది. ఇంటిమూల తిరిగే పిల్లికి అలాంటి చోటు దొరకలేదు. పాలకాప్యుని పేరిట గజశాస్త్రం, శాలిహోత్రుని పేరిట అశ్వశాస్త్రం ప్రసిద్ధిలో ఉన్నాయి గాని, పిల్లి వైద్యానికి అంతటి ప్రసిద్ధి గల సంప్రదాయం కనిపించదు. పిల్లికి జబ్బు చేస్తే అది మూలన పడుకొనేది, లేదా కనిపించకుండా పోయేది. దాని బరువు ఎంతో, అది మలవిసర్జన చేసి ఎన్నాళ్లయిందో తెలుసుకోవలసిన అవసరం ఇంటివారికి కలగలేదు.

నేడు స్థితి మారింది. నగరాల అపార్ట్‌మెంట్లలో గడప దాటకుండా జీవించే పిల్లులు పెరిగాయి. వాటిలో చాలావాటికి కడుపు వేలాడుతుంది. కొన్నింటికి రెండు మూడు రోజులకొకసారి గట్టి ఉండలుగా మలం వస్తుంది. యజమాని ముందు రెండు ఆలోచనలు ఉంటాయి. బరువు తగ్గాలంటే తిండి ఆపాలి. మలం కదలాలంటే విరేచనకారి ఇవ్వాలి. మనుషుల వైద్యం నుంచి అరువు తెచ్చుకొన్న ఈ రెండు ఆలోచనలూ పిల్లి విషయంలో ప్రాణాంతకం కావచ్చు. ఎందుకు ప్రాణాంతకమో తెలియాలంటే పిల్లి దేహధర్మంతోపాటు, ఆ దేహం ఈ స్థితికి చేరిన చరిత్ర కూడా తెలియాలి.

2. కథాసాహిత్యంలో పిల్లి దేహం:

2.1 ఉలూకదూత్యంలోని పిల్లి:

సంస్కృత మహాభారతం ఉద్యోగపర్వంలో, ప్రచారంలో ఉన్న పాఠాలలో, దుర్యోధనుడు ఉలూకుని ద్వారా ధర్మరాజుకు పంపిన సందేశంలో ఒక పిల్లి కథ ఉంది. గంగాతీరంలో చేతులు పైకెత్తి తపస్సు నటిస్తున్న పిల్లిని ఎలుకలు నమ్ముతాయి. దానిని మేనమామగా భావించి దాని రక్షణలో చేరతాయి. రోజులు గడిచేకొద్దీ పిల్లి బలుస్తుంది, ఎలుకల సంఖ్య తగ్గుతుంది. డిండికుడు అనే ఎలుక కూడా కనిపించకుండా పోయిన తరువాత ఒక వృద్ధమూషికం అసలు సంగతిని బయటపెడుతుంది. అది చూపిన ఆధారాలలో రెండు ఈ వ్యాసానికి ముఖ్యమైనవి. ఒకటి, పిల్లి దేహం పెరగడం. రెండు, దాని మలంలో రోమాలు కనిపించడం. పండ్లూ దుంపలూ తినే జీవి మలంలో రోమాలు ఉండవన్నది ఆ ఎలుక తర్కం.

ఈ కథ దంభాన్ని ఎత్తిచూపడానికి చెప్పింది, పశువైద్యం బోధించడానికి కాదు. అయినా కథలోని తర్కం నిలబడాలంటే శ్రోతలకు పిల్లిమలం ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. పిల్లి ఏమి తిన్నదో తెలుసుకోవడానికి దాని బరువునూ మలాన్నీ కలిపి చదవాలన్న పరిశీలన ఇందులో ఉంది. నేడు పశువైద్యుడు యజమానిని అడిగే మొదటి ప్రశ్నలు కూడా ఇవే. పిల్లి బరువు ఎంత మారింది? మలం ఎప్పుడు వచ్చింది, ఎలా ఉంది? ఏమి తింటున్నది?

మహాబలిపురంలో 7వ శతాబ్దపు పల్లవ శిల్పఫలకంపై చేతులెత్తి తపోభంగిమలో నిలిచిన పిల్లి, దాని చుట్టూ ఎలుకలు నేటికీ కనిపిస్తాయి. తపస్సు చేస్తున్న మానవాకృతిలో ఎముకలు తేలి ఉండగా, దానిని అనుకరిస్తున్న పిల్లి పక్కనే నిలిచి ఉండటం గమనించదగినది.

2.2 తెనాలి రామకృష్ణుని పిల్లి:

తెలుగువారికి బాగా తెలిసిన పిల్లి తెనాలి రామకృష్ణునిది. ఎలుకల బెడద తగ్గించడానికి రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దానికి పాలకోసం ఒక ఆవును ఇచ్చారని జానపద కథ. అందరి పిల్లులూ పాలు తాగి బలిశాయి. రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగిన పాలు పెట్టడంతో అతని పిల్లి మూతి కాలి, ఆ తరువాత పాలగిన్నె చూస్తేనే పారిపోయేది. రాజు పరీక్షకు పిలిచినప్పుడు బక్కచిక్కిన పిల్లి ఒక్కటే సభలో ప్రత్యేకంగా నిలిచింది.

కృష్ణదేవరాయల కాలం (1509-1529) నాటి పిల్లుల పెంపకానికి ఈ కథ చారిత్రక ఆధారం కాదు. కాని కథను చెప్పుకొన్న తరాల ఇంటి ఎరుకకు ఇది సాక్ష్యం. ఎలుకలు పట్టడానికి తెచ్చిన పిల్లికి గిన్నెలో తిండి పెడితే అది బలుస్తుందన్న విషయం ఈ కథకు పునాది. అదే కథ మరొక విషయం కూడా చెబుతుంది. ఒక్కసారి నోరు కాలిన పిల్లి ఆ తిండిని జన్మలో ముట్టదు. పిల్లి అయిష్టం ఎంత బలమైనదో ఆధునిక ఆహారమార్పిడిలో వైద్యులు ప్రతిరోజూ చూస్తున్నారు. మందు కలిపిన తిండిని ఒకసారి అనుమానించిన పిల్లి, ఆ తిండినే మానేసి ఆకలితో ఉండిపోతుంది.

2.3 ఉట్టి - పాత ఇంటి కొలత:

‘పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా’ అన్న సామెత వెనుక ఒక గృహవ్యవస్థ ఉంది. పాలు, పెరుగు, వెన్న దూలానికి వేలాడదీసిన ఉట్టిలో ఉండేవి. పిల్లికి అవి కనిపించేవి, వాసన వచ్చేది, కాని అందేవి కావు. పిసినారిని ‘పిల్లికి కూడా బిచ్చం పెట్టడు’ అంటారు. ఇంట్లో పిల్లికి దొరికేది బిచ్చమే, అంటే కొద్దిపాటి పెరుగన్నం మెతుకులు, చేపతల, గిన్నె అడుగు పాలు. మిగిలిన ఆకలికి అది ఎలుకలూ బల్లులూ వేటాడుకోవాలి. ఈ వ్యవస్థ పిల్లిపై దయతో ఏర్పడింది కాదు. అయినా పిల్లి ఎంత తినాలో నిర్ణయించే అడ్డుకట్ట ఇంటి నిర్మాణంలోనే ఉండేది. రోజంతా నిండుగా ఉండే నేటి తిండిగిన్నె ఉట్టికి సరిగ్గా వ్యతిరేకం.

3. వేటగాడి దేహధర్మం:

సైప్రస్ ద్వీపంలోని షిల్లూరోకాంబోస్ వద్ద సుమారు 9500 సంవత్సరాల క్రితం మనిషి పక్కన పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం బయటపడింది. ఈ విషయం 2004లో ప్రకటితమైంది. పెంపుడు పిల్లికి పూర్వీకురాలు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి. ధాన్యపు గాదెల దగ్గర చేరిన ఎలుకల కోసం వచ్చి, మనిషికి దగ్గరైంది. ఆవునూ మేకనూ మచ్చిక చేసినట్లు మనిషి దాని ఆహారాన్ని తన చేతిలోకి తీసుకోలేదు. వేల సంవత్సరాలపాటు పిల్లి మనిషి దగ్గర ఉంటూనే తన తిండి తాను సంపాదించుకొన్నది.

ఎండు నేలల నుంచి వచ్చిన ఈ జంతువుకు దాహం తక్కువ. దాని మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరచగలవు. దానికి కావలసిన నీటిలో ఎక్కువభాగం ఆహారం నుంచే వచ్చేది. చిట్టెలుక దేహంలో దాదాపు 70 శాతం నీరే. ఒక చిట్టెలుక ఇచ్చే శక్తి సుమారు 30 కిలోకేలరీలు కాబట్టి, రోజుకు ఎనిమిది వరకూ ఎలుకలు పడితేగాని పిల్లి కడుపు నిండదు. అంటే చిన్నచిన్న భోజనాలు అనేకం, ప్రతి భోజనానికీ ముందు కొంత పరుగు, ప్రతి భోజనంతోనూ కొంత నీరు.

పెద్దపేగు చేసే ముఖ్యమైన పని మలం నుంచి నీటిని తిరిగి పీల్చుకోవడం. దేహంలో నీరు తగ్గితే అది మరింతగా పీలుస్తుంది. మలం ఎంతసేపు నిలిస్తే అంత గట్టిపడుతుంది. గట్టిపడిన మలం నొప్పి కలిగిస్తుంది. నొప్పికి భయపడి పిల్లి మలాన్ని ఆపుకొంటుంది. ఈ చక్రం దీర్ఘకాలం సాగితే పేగు సాగిపోయి కదలిక కోల్పోతుంది. ఆ దశనే మహాబృహదాంత్రం అనవచ్చు. ఎలుకను తిని, పొలంలో తిరిగి, నచ్చిన మట్టిలో గొయ్యి తీసుకొన్న పిల్లికి ఈ చక్రంలో పడే అవకాశం తక్కువ.

4. కొనుక్కొచ్చిన తిండి:

పిల్లితిండి వ్యాపారవస్తువుగా మారిన తొలి నగరాలలో లండన్ ఒకటి. హెన్రీ మేహ్యూ 1851లో వెలువరించిన లండన్ శ్రామికుల వర్ణనలో, కుక్కలకూ పిల్లులకూ మాంసం అమ్ముతూ వీధులు తిరిగేవారి గురించి వివరంగా రాశాడు. ముసలి గుర్రాల మాంసాన్ని ఉడకబెట్టి, ముక్కలు కోసి, పుల్లలకు గుచ్చి ఇంటింటికీ అమ్మేవారు. ఇది కొన్న తిండే అయినా మాంసమే, తడి ఉన్నదే. పైగా రోజుకు ఒక పుల్ల మేరకే దొరికేది.

అమెరికా నుంచి లండన్ వచ్చిన జేమ్స్ స్ప్రాట్ 1860లలో కుక్కల బిస్కెట్లు తయారుచేసి అమ్మడంతో పెంపుడు జంతువుల పొడి ఆహారానికి వ్యాపారరూపం వచ్చింది. 20వ శతాబ్దం తొలి భాగంలో డబ్బాలలో నింపిన గుర్రపుమాంసం అమెరికాలో విస్తరించింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో తగరానికీ మాంసానికీ కరువు రావడంతో డబ్బా తిండి వెనక్కి తగ్గి, పొడి తిండి ముందుకు వచ్చింది. 1957లో ప్యూరినా సంస్థ ఎక్స్‌ట్రూడర్ యంత్రంతో తయారుచేసిన ‘డాగ్ చౌ’ మార్కెట్లోకి తెచ్చింది. ధాన్యపు పిండి, మాంసపు పొడి కలిపిన ముద్దను వేడి, ఒత్తిడితో రంధ్రాలగుండా పంపి, ఉబ్బిన గుళికలుగా కోసి ఆరబెట్టే పద్ధతి ఇది. కొద్దికాలంలోనే ఈ పద్ధతి పిల్లితిండికీ విస్తరించింది.

గుళిక పాడవదు, వాసన తక్కువ, ఉదయం గిన్నె నింపితే రాత్రిదాకా ఉంటుంది. ఈ సౌకర్యాలే సమస్యకు ద్వారం తెరిచాయి. డబ్బా తిండిలో నీరు సుమారు 75-80 శాతం, గుళికలలో సుమారు 10 శాతం. గుళికలు తినే పిల్లి గిన్నెలోని నీరు ఎక్కువగానే తాగుతుంది గాని, ఆ లోటు సాధారణంగా పూర్తిగా తీరదు. అదే సమయంలో సంతాననిరోధక శస్త్రచికిత్సలు వ్యాపించాయి. వీధిపిల్లుల సంఖ్యను అదుపుచేయడానికి, కొన్ని వ్యాధుల నివారణకు అవి అవసరమైనవే. కాని శస్త్రచికిత్స తరువాత పిల్లికి ఆకలి పెరుగుతుంది, శక్తి అవసరం తగ్గుతుంది. తరగని గిన్నె, తగ్గిన కదలిక, పెరిగిన ఆకలి ఒకే ఇంట్లో కలిశాయి.

పారిశ్రామిక ఆహారాన్ని చరిత్రలో దోషిగా మాత్రమే నిలబెట్టడం న్యాయం కాదు. టారిన్ లోపం వల్ల పిల్లుల నేత్రపటలం క్షీణిస్తుందని 1975లో, అదే లోపం గుండెకండరాన్ని దెబ్బతీస్తుందని 1987లో పరిశోధకులు నిరూపించారు. ఆ తరువాత తయారీదారులు ఆహారంలో టారిన్ పాలు పెంచడంతో ఆ గుండెజబ్బు చాలా అరుదైంది. పెరుగన్నం మీద పెరిగిన పిల్లికి ఈ రక్షణ లేదు. పిల్లి మాంసాహారమే తప్పనిసరి అయిన జీవి అన్న శాస్త్రీయ అవగాహన ఈ పరిశోధనలతో బలపడింది.

5. మట్టిపెట్టె - ఇంట్లోకి వచ్చిన మలం:

పిల్లి రోజంతా ఇంట్లో ఉండాలంటే తిండితోపాటు మలానికీ ఏర్పాటు కావాలి. అంతకుముందు ఇసుక, బూడిద, రంపపుపొట్టు వాడేవారు. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లోవ్ నీటిని పీల్చే బంకమట్టిని సంచులలో నింపి పిల్లుల కోసం అమ్మడం మొదలుపెట్టాడు. ‘కిట్టీ లిట్టర్’ అన్న పేరు అలా పుట్టింది. పిల్లిని తలుపు వెనుకే శాశ్వతంగా ఉంచడం దీనితో సులభమైంది.

ఈ పెట్టెకు రెండు ఫలితాలు ఉన్నాయి. మొదటిది, పిల్లిమలం మనిషి కంటపడింది. ఆరుబయట మట్టికింద కప్పిన మలం ఎవరికీ తెలియదు. పెట్టెలో అయితే ఎన్ని ఉండలు, ఎంత గట్టివి, ఎన్ని రోజులకు అన్నది లెక్కించవచ్చు. వృద్ధమూషికం చేసిన పరిశీలన ఇప్పుడు యజమాని బాధ్యత అయింది. రెండవది, పిల్లికి ఎంపిక పోయింది. పెట్టె మురికిగా ఉన్నా, ఇరుకుగా ఉన్నా, శబ్దం చేసే వాషింగ్ మెషిన్ పక్కన ఉన్నా, గోడలు ఎత్తుగా ఉండి బరువైన లేదా కీళ్ల నొప్పులున్న పిల్లి ఎక్కలేకపోయినా, అది మలాన్ని ఆపుకొంటుంది. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువగా పెట్టెలు ఉండాలన్న వైద్యుల సూచనకు కారణం ఇదే.

6. బరువు తగ్గించడం - కొలత, ప్రమాదం:

ఆహారాన్నే చికిత్సగా వాడే ఆలోచన పశువైద్యంలో స్థిరపడటానికి మార్క్ మోరిస్ కృషి ముఖ్యకారణం. అంధుని మార్గదర్శి అయిన ‘బడ్డీ’ అనే కుక్కకు మూత్రపిండాల జబ్బు రాగా ఆయన ప్రత్యేకాహారం రూపొందించాడు. 1948లో ఆ ఆహారం కాన్సాస్‌లోని హిల్ ప్యాకింగ్ కంపెనీ ద్వారా డబ్బాలలో వెలువడింది. బరువు తగ్గించే ఆహారాలు, పీచు ఎక్కువగల ఆహారాలు ఈ దారిలోనే తరువాత వచ్చాయి.

తిండిని కొలవాలంటే దేహాన్ని కూడా కొలవాలి. 1997లో పిల్లులకు తొమ్మిది అంచెల దేహస్థితి సూచిక ప్రకటితమైంది. ఇందులో 5 ఆదర్శం. పక్కటెముకలు పలుచని కొవ్వుకింద చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. 5కు పైన ప్రతి అంచె సుమారు 10-15 శాతం అధికబరువుకు గుర్తు. బొద్దుగా ఉంటే ముద్దు అనుకొనే కంటికి ఈ సూచిక ఒక దిద్దుబాటు.

శక్తి అవసరానికి 1932లో మాక్స్ క్లైబర్ ప్రతిపాదించిన సూత్రం ఆధారం. దేహభారం కిలోలలో తీసుకొని, దాని మూడు వంతుల నాలుగవ ఘాతాన్ని, అంటే 0.75 ఘాతాన్ని, 70తో గుణిస్తే విశ్రాంతిస్థితిలో రోజుకు కావలసిన కిలోకేలరీలు వస్తాయి. ఉదాహరణకు 6.5 కిలోల పిల్లికి ఆదర్శభారం 4.5 కిలోలు అనుకొంటే, ఆదర్శభారం ప్రకారం ఈ అంకె సుమారు 216. వైద్యులు సాధారణంగా అందులో 80 శాతంతో, అంటే సుమారు 173 కిలోకేలరీలతో మొదలుపెట్టి, బరువు చూస్తూ సవరిస్తారు. వారానికి దేహభారంలో 0.5 నుంచి 1 శాతం తగ్గడం క్షేమం. వారానికి 1 శాతం చొప్పున తగ్గినా ఈ పిల్లి 4.5 కిలోలకు చేరడానికి సుమారు 37 వారాలు పడుతుంది.

ఈ నిదానానికి బలమైన కారణం ఉంది. దీర్ఘకాలం తిండి మానిన పిల్లులలో కాలేయం కొవ్వుతో నిండిపోవడాన్ని 1977లో పశువైద్య పత్రిక ఒకటి నమోదు చేసింది. ఆ తరువాతి దశాబ్దాలలో ఇది పిల్లులకే విశేషమైన ప్రమాదంగా గుర్తింపు పొందింది. బొద్దుపిల్లి కొద్దిరోజులు తినకపోతే, దేహంలోని కొవ్వు ఒక్కసారిగా కాలేయానికి చేరుతుంది. పిల్లి కాలేయం దానిని సంభాళించలేదు. కామెర్లు వచ్చి, చికిత్స అందకపోతే చనిపోతుంది. లంఖణం పరమౌషధం అన్న నానుడి పిల్లికి, అందులోనూ లావుపాటి పిల్లికి, ఏమాత్రం వర్తించదు. కొత్త ఆహారం ముట్టకుండా ఒక రోజు గడిచిందంటే పాత ఆహారానికి తిరిగి వెళ్లి, వైద్యుని సంప్రదించాలి.

7. మలబద్ధక చికిత్స:

మలబద్ధకం ఒక వ్యాధిపేరు కాదు, లక్షణం. నీటిలోటు, దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు, కీళ్లనొప్పులు, పాత ప్రమాదంలో విరిగి ఇరుకైన కటి ఎముక, తోకలేని మాంక్స్ జాతిలో వెన్నుచివరి లోపం వంటివి దీనికి కారణాలు కావచ్చు. కొన్నిసార్లు ఏ కారణమూ కనిపించదు. మలబద్ధకంతో అత్యవసర చికిత్సకు వచ్చిన పిల్లులను పరిశీలించి 2020లో ప్రకటించిన అమెరికన్ అధ్యయనంలో ముసలితనం, మూత్రపిండాల జబ్బులతోపాటు అధికబరువు కూడా ముప్పును పెంచే అంశంగా తేలింది. కదలిక తక్కువ, కొవ్వువల్ల వంగడం కష్టం, పొడి తిండి ఎక్కువ అన్న మూడూ ఒకే పిల్లిలో కలవడం సహజమే.

మొదట తేల్చుకోవలసింది ఒకటుంది. పెట్టెలో పదేపదే ముక్కుతున్న మగపిల్లి మలం కోసం ముక్కుతున్నదో, మూత్రం కోసం ముక్కుతున్నదో చూడాలి. మూత్రనాళం మూసుకుపోతే గంటలలో ప్రాణం మీదికి వస్తుంది. దానిని మలబద్ధకంగా పొరబడి ఇంటిచికిత్స చేస్తూ కూర్చోవడం పెద్ద పొరపాటు.

తెలుగు ఇళ్లలో పిల్లలకు విరేచనం కావాలంటే ఆముదం పట్టించడం పాత అలవాటు. పిల్లికి దానిని వాడకూడదు. నూనెలు బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మందులషాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా పిల్లి రక్తంలో లవణాల సమతూకాన్ని తలకిందులు చేసి చంపగలదు. క్షేమమైన దారి వైద్యుని పర్యవేక్షణలో నీటిలోటు తీర్చడం, అవసరమైతే గోరువెచ్చని నీటి ఎనిమా, ఆ తరువాత మలంలో నీటిని నిలిపే లాక్టులోజ్ లేదా పాలీఇథలీన్ గ్లైకాల్ 3350.

పేగు కదలికను పెంచే సిసాప్రైడ్ చరిత్ర విచిత్రమైనది. అమెరికాలో 1993లో మనుషుల గుండెమంటకు అనుమతి పొందింది. గుండెలయ దెబ్బతిని మరణాలు సంభవించడంతో 2000లో అక్కడి మార్కెట్ నుంచి ఉపసంహరించారు. భారతదేశంలో 2011లో నిషేధించారు. పిల్లి పెద్దపేగు కండరంపై దాని ప్రభావాన్ని 1990లలో పరిశోధించిన పశువైద్యులు మాత్రం దానిని వదులుకోలేదు. అనుమతి ఉన్న దేశాలలో పశువైద్యుని చీటీపై ఔషధశాలలు దానిని ప్రత్యేకంగా తయారుచేసి ఇస్తున్నాయి. మనుషులకు పనికిరాకుండా పోయిన మందు పిల్లుల వైద్యంలో బతికి ఉంది. మందులకు లొంగనంతగా పేగు సాగిపోతే దానిలో అధికభాగాన్ని తొలగించే శస్త్రచికిత్సే మిగిలిన దారి.

పీచు విషయంలో భారతదేశానికి ప్రత్యక్ష సంబంధం ఉంది. ఇసబ్గోల్ పొట్టును ప్రపంచానికి ఎక్కువగా అందించేది గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రాల పొలాలే. గుజరాత్‌లోని ఊంఝా దీనికి పేరుపొందిన మార్కెట్. నీటిని పీల్చి జిగురుగా మారే ఈ పొట్టు కలిపిన ఆహారం పిల్లుల మలబద్ధకానికి మేలు చేసినట్లు 2011లో ఒక యూరోపియన్ పరిశోధన వెల్లడించింది. అయితే నీరు లేనిచోట ఈ జిగురు పనిచేయదు. నీటిలోటు ఉన్న పిల్లికి, పేగు సాగిపోయిన పిల్లికి పీచు పెంచితే అడ్డు మరింత పెద్దదవుతుంది.

8. రెండు చికిత్సల సమన్వయం:

బరువు చికిత్స, మలబద్ధక చికిత్స ఒకదానికొకటి అడ్డు రావచ్చు. తిండి తగ్గిస్తే మలం పరిమాణం తగ్గుతుంది, రోజువిడిచి రోజు రావచ్చు. అది ప్రతిసారీ మలబద్ధకం కాదు, ఉండలు గట్టిగా ఉన్నాయా, పిల్లి నొప్పి పడుతున్నదా అన్నది చూడాలి. బరువు తగ్గడానికి ఇచ్చే గుళికలలో పీచు ఎక్కువ, నీరు తక్కువ. కడుపు నిండినట్లుంటుంది గాని మలం గట్టిపడవచ్చు.

ఈ వైరుధ్యానికి సమాధానం నీటిలో ఉంది. పైన చెప్పిన 173 కిలోకేలరీలను గ్రాముకు 3.5 కిలోకేలరీలున్న గుళికలుగా ఇస్తే సుమారు 50 గ్రాములు వస్తాయి, వాటిలో నీరు 5 మిల్లీలీటర్లు. గ్రాముకు 0.9 కిలోకేలరీలున్న తడి తిండిగా ఇస్తే సుమారు 190 గ్రాములు, వాటిలో నీరు 150 మిల్లీలీటర్ల వరకూ ఉంటుంది. శక్తి అదే, గిన్నె నిండుదనం దాదాపు నాలుగు రెట్లు, నీరు 30 రెట్లు. బరువు తగ్గడానికీ మలం మెత్తబడటానికీ ఒకే మార్పు తోడ్పడే సందర్భం ఇది. తెనాలి పిల్లి పాఠం మరవకుండా, కొత్త తిండిని పాతదానితో కొద్దికొద్దిగా కలుపుతూ వారాల వ్యవధిలో మార్చాలి. మందును ఆ తిండిలో కలపకూడదు.

తిండిని రోజుకు నాలుగైదు చిన్న భాగాలు చేయడం, కొంత భాగాన్ని దొర్లించి తీసుకోవలసిన బంతిలో దాచడం, నీటిగిన్నెలను రెండు మూడు చోట్ల ఉంచడం, పెట్టెను రోజూ శుభ్రం చేయడం, ఒకే తూనికపై వారానికొకసారి బరువు రాయడం - ఈ సూచనలన్నీ వైద్యంలో కొత్తగా కనిపిస్తాయి. చరిత్రలో ఇవి పాతవే. చిన్న భోజనాలు, భోజనానికి ముందు శ్రమ, తిండిలో నీరు, శుభ్రమైన మట్టి అన్నవి గాదె దగ్గరి పిల్లి జీవితంలో ఉన్నవే.

9. ముగింపు:

- పిల్లి బరువునూ మలాన్నీ కలిపి చదివి దాని ఆహారాన్ని గుర్తించే పరిశీలన ఉలూకదూత్య కథలోనే ఉంది. నేటి వైద్యపరీక్షకు అది దూరమైనది కాదు.
- తెనాలి రామకృష్ణుని కథ, ఉట్టి సామెత తెలుగు ఇంట్లో పిల్లికి తిండి పరిమితంగా అందిన వ్యవస్థను సూచిస్తాయి. ఆ వ్యవస్థలో పోషకలోపాలు ఉన్నాయి గాని, తరగని గిన్నె లేదు.
- 1947 నాటి మట్టిపెట్టె, 1957 తరువాతి పొడి గుళికలు, సంతాననిరోధక శస్త్రచికిత్సలు కలిసి పిల్లిని పూర్తిగా గృహజీవిగా మార్చాయి. అధికబరువు, మలబద్ధకం ఒకేచోట చేరడానికి ఈ కలయిక ప్రధాన నేపథ్యం.
- ఉపవాసం, ఆముదం, ఫాస్ఫేట్ ఎనిమా వంటి మానవవైద్యపు అలవాట్లు పిల్లికి ప్రమాదకరం. నిదానమైన బరువు తగ్గింపు, తిండిలో నీరు, వైద్యుని పర్యవేక్షణలో ఔషధం క్షేమమార్గం.

తిండి, నీరు, చోటు అన్నీ తన చేతిలోకి తీసుకొన్న మనిషి, పిల్లి తనకు తాను చేసుకొన్న పనులను కూడా బాధ్యతగా స్వీకరించవలసి వచ్చింది. వృద్ధమూషికం తన జాతిని కాపాడుకోవడానికి పిల్లి దేహాన్నీ మలాన్నీ గమనించింది. నేటి యజమాని అదే గమనింపును పిల్లిని కాపాడటానికి అలవరచుకోవాలి.